వోల్టు ఒక్కటే చెబితే చాలదు: ఎలక్ట్రానిక్ సిగరెట్ కాయిల్‌లో వేడి లెక్క (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఎలక్ట్రానిక్ సిగరెట్ మీద జరిగే చర్చల్లో ఆరోగ్యం మాట వస్తుంది, చట్టాల మాట వస్తుంది, యువత అలవాట్ల మాట వస్తుంది. ఆ పరికరం లోపల వేడి ఎలా పుడుతుంది, ఎటు పోతుంది అన్న మాట మాత్రం చాలా అరుదుగా వస్తుంది. నేను వేడి పుట్టించే తీగలతో పనిచేసే మనిషిని కాబట్టి ఈ పూట ఆ ఒక్క విషయానికే కట్టుబడి ఉంటాను. ఇది వాడండని సిఫారసు చేయడానికి నేను రాలేదు. ఇందులోంచి మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఏమిటో, ఎంతో తేల్చాలంటే ముందు ఈ తీగ లెక్క తెలియాలి. అది తెలియకుండా రాసిన పరీక్ష నివేదికలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నా వాదన ముందే చెబుతాను. ‘ఈ పరికరాన్ని 4 వోల్టుల దగ్గర పరీక్షించాం’ అని ఎవరైనా రాస్తే ఆ వాక్యంలో సమాచారం దాదాపు లేనట్టే. ‘0.5 ఓమ్ కాయిల్ వాడాం’ అని మాత్రమే రాసినా అంతే (కరెంటుకు తీగ ఎంత అడ్డుపడుతుందో, అంటే దాని నిరోధం ఎంతో చెప్పే కొలత ఓమ్). రెండూ కలిపి చెబితే సగం తెలుస్తుంది. మిగతా సగం తీగ మందంలో, వత్తి తడిలో, ఎంతసేపు పీల్చారన్న దాంట్లో ఉంది.

పరికరం స్వరూపం క్లుప్తంగా చూద్దాం. ఒక బ్యాటరీ, ఒక తీగచుట్ట, అంటే అందరూ కాయిల్ అనేది, దాని మధ్యలోంచి వెళ్లే దూది లేదా సిలికా వత్తి, ఆ వత్తి పీల్చుకునే ద్రవం. ద్రవంలో సింహభాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. కొద్దిగా నికోటిన్, రుచికోసం కలిపే పదార్థాలు. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, ద్రవం ఆవిరవుతుంది, చల్లటి గాలి తగలగానే ఆ ఆవిరి సన్నటి తుంపరలుగా మారి పొగలా కనిపిస్తుంది. పొగాకు లేని సిగరెట్‌కు అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ 1965లోనే పేటెంటు పొందాడు. ఈనాటి పరికరాలకు మూలం మాత్రం చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో రూపొందించినది. అతని తొలి నమూనాలో ద్రవాన్ని తుంపరలు చేసే పని అల్ట్రాసోనిక్ కంపనాలది. తర్వాత వేడితీగే రాజ్యమేలింది.

ఇక సూత్రం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందని జార్జ్ ఓమ్ 1827లో చెప్పాడు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి పుట్టే రేటు వస్తుందని 1840ల్లో జౌల్ చూపాడు. రెండూ కలిపితే మనకు కావలసింది దొరుకుతుంది: వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వాట్లు.

ఇక్కడ విద్యార్థులు ఎప్పుడూ తడబడే చోటు ఒకటుంది. ‘నిరోధం ఎక్కువైతే కదా వేడి ఎక్కువ కావాలి?’ అని అడుగుతారు. కరెంటు మారకుండా ఉంటే ఆ మాట నిజమే. బ్యాటరీ మారనివ్వకుండా పట్టి ఉంచేది కరెంటును కాదు, వోల్టేజిని. కాబట్టి నిరోధం తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది, దానితో వేడీ పెరుగుతుంది. తక్కువ ఓమ్‌ల కాయిల్ ఎక్కువ వేడిని ఇస్తుంది. ఈ ఒక్కటి గట్టిగా మనసులో నాటుకుంటే మిగతాదంతా సులువు.

అంకెలు వేసి చూద్దాం. లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. వాడుతుంటే 3.7 దగ్గర చాలాసేపు నిలిచి, అడుగంటే వేళకు 3.3కు దిగుతుంది. దానికి నేరుగా 1.8 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే మొదట 9.8 వాట్లు, మధ్యలో 7.6, చివరికి 6 వాట్లు వస్తాయి. వోల్టేజి తగ్గింది ఐదో వంతుకు కాస్త పైన మాత్రమే, వేడి మాత్రం 38 శాతం పడిపోయింది. వర్గం చేసే పని అది. అదే సెల్‌కు 0.5 ఓమ్ కాయిల్ పెడితే 4.2 వోల్టుల దగ్గర 8.4 ఆంపియర్లు పారి 35 వాట్లు వస్తాయి. 0.15 ఓమ్ అయితే కాగితం మీద 28 ఆంపియర్లు, దాదాపు 118 వాట్లు. ఒకే సెల్, ఒకే వోల్టేజి, వేడిలో మాత్రం పన్నెండు రెట్ల తేడా. వోల్టు ఒక్కటే చెబితే చాలదని నేను అనేది ఇందుకే.

వాట్లు ఎంచుకునే సౌకర్యమున్న పరికరాల్లో లోపలి చిప్ కాయిల్ నిరోధాన్ని కొలిచి, కావలసిన వోల్టేజిని తానే సర్దుకుంటుంది. 15 వాట్లు అడిగితే 0.6 ఓమ్ కాయిల్‌కు 3 వోల్టులు పంపుతుంది, 1.5 ఓమ్‌ల కాయిల్‌కు 4.7 పంపుతుంది. రెండు చోట్లా పుట్టే వేడి ఒకటే. బ్యాటరీ దిగుతున్నా చాలాసేపు ఆ వాట్లు నిలకడగా ఉంటాయి.

ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అసలు విషయం ఇప్పుడు మొదలవుతుంది.

వాట్లు ఒకటే అయినంత మాత్రాన తీగ ఉష్ణోగ్రత ఒకటి కాదు. కాంతాల్ అని ఒక మిశ్రలోహం ఉంది. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసినది, ఇలాంటి కాయిల్స్‌లో బాగా వాడతారు. 0.32 మిల్లీమీటర్ల మందం ఉన్న కాంతాల్ తీగతో ఒక ఓమ్ కాయిల్ చేయాలంటే సుమారు 55 మిల్లీమీటర్ల తీగ కావాలి. 0.51 మిల్లీమీటర్ల మందం తీగతో అదే ఒక ఓమ్ రావాలంటే 141 మిల్లీమీటర్లు కావాలి. నిరోధం చూపే మీటరుకు ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. రెండూ ఒక ఓమే అంటుంది. నాలుగు వోల్టులు ఇస్తే రెండూ 16 వాట్లే తీసుకుంటాయి.

కానీ సన్న తీగ ఉపరితల వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, లావు తీగది 226. అదే 16 వాట్లను సన్న తీగ ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద 290 మిల్లీవాట్లుగా కుమ్మరిస్తుంది, లావు తీగ 70 మిల్లీవాట్లుగా పరుస్తుంది. తీగ ఒంటికి అంటుకుని ఉన్న ద్రవం అనుభవించేది ఈ చదరపు మిల్లీమీటరు అంకెను. మొత్తం వాట్లను కాదు. నిరోధాన్ని స్థిరంగా ఉంచి మందం పెంచుకుంటూ పోతే ఉపరితలం మందం ఘనంతో పెరుగుతుంది, లోహం బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మందం 1.6 రెట్లు అయితే ఉపరితలం నాలుగు రెట్లు, బరువు ఆరున్నర రెట్లు. నాకు ఈ లెక్క ఎంతో ఇష్టం. ఓమ్‌ల అంకె వెనుక ఎంత దాగి ఉందో దీనికంటే తేటగా మరేదీ చూపదు.

బరువు ఎందుకు ముఖ్యమో కూడా చూడండి. ఒక వాటు ఒక సెకనులో ఇచ్చే వేడిని ఒక జౌల్ అంటారు. తీగ 200 డిగ్రీలు వేడెక్కడానికి ఆ సన్న కాయిల్‌కు మూడు జౌళ్లు సరిపోతాయి. 16 వాట్ల దగ్గర అది సెకనులో ఐదో వంతు పని. లావు కాయిల్‌కు 19 జౌళ్లు కావాలి, అంటే సెకనుకు పైనే. ఒకటిన్నర సెకన్లు పీల్చి వదిలేసే మనిషికి లావు తీగ నుంచి ఆవిరి దాదాపు రాదు. అదే మనిషి నాలుగు సెకన్లు పీలిస్తే ధారాళంగా వస్తుంది. ఆవిరి రాలేదని అతను వోల్టేజి పెంచితే ఏమవుతుందో ఊహించండి. పీల్చే వ్యవధి రాయని నివేదిక అసంపూర్ణం అనడానికి ఇది చాలదా?

జంట కాయిల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒక్కొక్కటి ఒక ఓమ్ ఉన్న రెండు కాయిల్స్‌ను సమాంతరంగా కలిపితే మీటరు 0.5 చూపుతుంది. నాలుగు వోల్టులకు మొత్తం 32 వాట్లు వస్తాయి, ఒక్కోదాని వాటా 16. కాబట్టి ‘0.5 ఓమ్’ అని రాసి ఉంటే అది ఒంటి కాయిలా, జంటా అని అడగండి. సమాధానాన్ని బట్టి తీగ ఉష్ణోగ్రత పూర్తిగా మారిపోతుంది.

ఇప్పుడు ద్రవం వైపు వద్దాం. 10 వాట్ల దగ్గర మూడు సెకన్లు పీలిస్తే ఖర్చయ్యేది 30 జౌళ్లు. ఈ ద్రవాలను గది ఉష్ణోగ్రత నుంచి మరిగించి ఆవిరి చేయడానికి గ్రాముకు వెయ్యి జౌళ్లకు పైనే కావాలి. అంటే ఆ ఒక్క పీల్పులో ఎంత చేసినా 30 మిల్లీగ్రాములకు మించి ఆవిరి కాజాలదు. తీగ, వత్తి, లోహపు గొట్టం, పారే గాలి కూడా తమ వాటా పట్టుకుపోతాయి కాబట్టి అసలు వచ్చేది ఇంకా తక్కువే.

ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, గ్లిజరిన్ 290 దగ్గర. మిశ్రమం ఈ రెండింటి మధ్య ఎక్కడో మరుగుతుంది. తీగ చుట్టూ ద్రవం ఉన్నంతసేపు వాట్లు పెంచినా ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు, ఆవిరి పెరుగుతుంది. ఆవిరి కావడానికే వేడి ఖర్చైపోతుంది. దీపం చూడండి. ప్రమిదలో నూనె ఉన్నంతసేపు మండేది నూనె, వత్తి కొస మాత్రమే కొద్దిగా నల్లబడుతుంది. నూనె అడుగంటిన మరుక్షణం వత్తి తానే కాలడం మొదలుపెడుతుంది, వాసన మారిపోతుంది. ఈ పరికరంలోనూ అంతే. వత్తి ద్రవాన్ని అందించే వేగం కంటే తీగ దాన్ని ఆవిరి చేసే వేగం ఎక్కువైన క్షణాన ఉష్ణోగ్రతకు పట్టిన కళ్లెం తెగిపోతుంది. తీగ చకచకా వందల డిగ్రీలు ఎగబాకుతుంది, దూది మాడుతుంది, గొంతు మండించే చేదు పీల్పు వస్తుంది. వాడేవాళ్లు దాన్ని పొడి పీల్పు అంటారు.

వత్తి వేగం ఎవరి చేతిలో ఉంది? ద్రవం చిక్కదనం చేతిలో. గది ఉష్ణోగ్రత దగ్గర గ్లిజరిన్ చిక్కదనం ప్రొపిలీన్ గ్లైకాల్ కంటే ఇరవై రెట్లు ఎక్కువ. గ్లిజరిన్ పాలు ఎక్కువైన ద్రవం పొగ దట్టంగా ఇస్తుంది కానీ వత్తిలో నెమ్మదిగా పాకుతుంది. 1.8 ఓమ్‌ల పాత పరికరానికి సరిపడా చేసిన సన్న వత్తితో, చిక్కటి ద్రవంతో, 20 వాట్లు నడిపితే పొడి పీల్పు తప్పదు. వెంటవెంటనే పీల్చినా ఇదే గతి, వత్తి తిరిగి తడిసే వ్యవధి దొరకదు.

ఆరోగ్యం ప్రశ్న సరిగ్గా ఇక్కడ భౌతికశాస్త్రాన్ని కలుసుకుంటుంది. వేడి మితిమీరితే గ్లిజరిన్ విరిగి అక్రోలిన్ పుడుతుంది. రెండు ద్రవాల నుంచీ ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ పుడతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. అక్రోలిన్ శ్వాసమార్గాన్ని తీవ్రంగా బాధించే పదార్థం. పోలండ్, అమెరికా పరిశోధకులు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో వోల్టేజిని 3.2 నుంచి 4.8కు పెంచినప్పుడు ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, అసిటోన్ నాలుగు రెట్ల నుంచి 200 రెట్లకు పైగా పెరిగాయి. మన సూత్రం ప్రకారం అదే కాయిల్ మీద ఆ మార్పుతో వాట్లు పెరిగేది రెండుంబావు రెట్లు మాత్రమే. వేడి రెండుంబావు రెట్లు, విషం రెండు వందల రెట్లు! రసాయన చర్యలు వాట్లను లెక్కచేయవు. అవి ఉష్ణోగ్రతనే చూస్తాయి, అది కాస్త పెరిగితే ఇవి ఎన్నో రెట్లు పెరుగుతాయి.

2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఉత్తరం పెద్ద వివాదం రేపింది. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్ సమ్మేళనాలు దొరకలేదని, 5 వోల్టుల దగ్గర గణనీయంగా దొరికాయని అందులో రాశారు. మనుషులెవరూ భరించలేని పొడి పీల్పు పరిస్థితుల్లో కొలిచారని ప్రత్యర్థులు అభ్యంతరం చెప్పారు. నా దృష్టిలో ఆ వాదన మొత్తం మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న లెక్క చుట్టూనే తిరుగుతుంది. 5 వోల్టులు 2.2 ఓమ్‌ల కాయిల్ మీద 11 వాట్లు, ఒక ఓమ్ కాయిల్ మీద 25 వాట్లు. ఒకటి కొన్ని వత్తులకు భరించదగ్గదే కావచ్చు, రెండోది వాటినే మాడ్చేయవచ్చు. అధిక వోల్టేజి ప్రమాదమా కాదా అని అడగడం కంటే, ఈ తీగకు ఈ వత్తితో ఈ వోల్టేజి ఎంత అని అడగాలి. అయితే చేదుగా ఉంటే ఎవరూ పీల్చరు కాబట్టి భయం లేదనే వాదనను కూడా నేను ఒప్పుకోను. మాడు వాసన తెలిసే స్థాయికి ముందు నుంచే ఉష్ణోగ్రత పెరుగుతూ వస్తుంది. పైగా ఘాటైన రుచులు ఆ హెచ్చరికను కప్పేయగలవు.

కొలతల్లో మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది దాగి ఉన్న నిరోధం. బటన్, మరలు, కాయిల్ కాళ్లను బిగించే చోట్లు, బ్యాటరీ లోపలి నిరోధం, అన్నీ కలిపి 0.05 ఓమ్ అనుకుందాం. 1.8 ఓమ్‌ల కాయిల్‌కు అది లెక్కలోకి రాదు. 0.2 ఓమ్ కాయిల్‌కు మాత్రం మొత్తంలో ఐదో వంతు. నాలుగు వోల్టుల సెల్ నుంచి కాయిల్‌కు 80 వాట్లు వస్తాయని లెక్క వేస్తాం. నిజంగా పారేది 16 ఆంపియర్లు, కాయిల్‌కు దక్కేది 3.2 వోల్టులు, 51 వాట్లు. ఇంకో 13 వాట్లు బటన్‌లో, మరల్లో, బ్యాటరీలో వేడిగా మారుతున్నాయి, ఉండకూడని చోట.

రెండోది ఇంకా చిక్కుది. కొన్ని పరికరాలు వోల్టేజిని తగ్గించడానికి కరెంటును సెకనుకు అనేకసార్లు ఆపి, వదిలి, ఆపి, వదిలి పంపుతాయి. ఆరు వోల్టులను సగం సమయం మాత్రమే వదిలితే సగటు మూడు వోల్టులు. మామూలు మీటరు అదే చూపుతుంది. రెండు ఓమ్‌ల కాయిల్‌కు మూడు వోల్టులంటే నాలుగున్నర వాట్లు అనుకుంటాం. కానీ ఆరు వోల్టులు ఉన్న ప్రతి క్షణం 18 వాట్లు వస్తున్నాయి, సగం సమయం అంటే 9 వాట్లు. మనం అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు. వేడి విషయంలో సగటు వోల్టేజికి విలువ లేదు, వర్గాల సగటుకే విలువ. ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు దయచేసి వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతుందో చూపే ఆసిలోస్కోపు పెట్టి చూడండి.

ఉష్ణోగ్రతను అదుపులో పెట్టే పరికరాల గురించి కూడా ఒక మాట. నికెల్ తీగ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి 0.6 శాతం చొప్పున. 20 డిగ్రీల దగ్గర 0.10 ఓమ్ ఉన్న కాయిల్ 220 దగ్గర 0.22 అవుతుంది. చిప్ ఆ పెరుగుదలను చూసి తీగ వేడిని పసిగట్టి కరెంటు తగ్గిస్తుంది. టైటానియం, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలతోనూ ఇది సాధ్యమే. కాంతాల్ నిరోధం వేడికి దాదాపు మారదు కాబట్టి దానితో కుదరదు. ఆలోచన చాలా మంచిది, పొడి పీల్పును మొగ్గలోనే తుంచగలదు. కానీ మొదటి కొలత తప్పితే అంతా తప్పుతుంది. అదే నికెల్ కాయిల్ ఇంకా గోరువెచ్చగా, 53 డిగ్రీల దగ్గర ఉండగా పరికరం దాన్ని చల్లటి నిరోధంగా నమోదు చేసుకుందనుకోండి. 0.12 అని రాసుకుంటుంది. 220 డిగ్రీలు అడిగితే 0.264 వచ్చేదాకా కరెంటు పంపుతుంది. అప్పటికి తీగ నిజంగా 293 డిగ్రీలకు చేరుతుంది. మొదట్లో 33 డిగ్రీల పొరపాటు, చివర్లో 73 డిగ్రీల పొరపాటు. తెర మీద మాత్రం 220 అనే కనిపిస్తుంది.

నికోటిన్ మాట కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఐరోపా సమాఖ్య 2014 నిర్దేశం ప్రకారం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. అవసరమైన పరిమితే. కానీ పీల్పుకు 5 మిల్లీగ్రాముల ద్రవాన్ని ఆవిరి చేసే చిన్న పరికరంలో 20 బలమున్న ద్రవం ఇచ్చే నికోటిన్, పీల్పుకు 35 మిల్లీగ్రాములు ఆవిరి చేసే తక్కువ ఓమ్‌ల పరికరంలో 3 బలమున్న ద్రవం ఇచ్చేదానితో ఇంచుమించు సమానం. సీసా మీది అంకెను మాత్రమే అదుపు చేసి, కాయిల్‌ను గాలికి వదిలేస్తే మోతాదును సగమే అదుపు చేసినట్టు.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు.

(సభలో ఒకరు: తక్కువ ఓమ్‌ల కాయిల్స్‌తో బ్యాటరీలు పేలుతాయన్నది నిజమేనా?)

కారణం ఉన్న భయమే అండి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే గుండ్రటి సెల్‌లు చూసే ఉంటారు. వాటిలో కొన్ని నిరంతరాయంగా 10 ఆంపియర్లే భరిస్తాయి, కొన్ని 20 లేదా అంతకు కొంచెం పైన. చిప్ లేని, బ్యాటరీని కాయిల్‌కు నేరుగా కలిపే పరికరంలో 0.15 ఓమ్ కాయిల్ పెడితే సెల్ తన హద్దు దాటి పనిచేస్తుంది. లోపలి వేడి ఒక స్థాయి దాటితే రసాయన చర్య తనంతట తానే వేగం పుంజుకుంటుంది, ఆ తర్వాత బటన్ వదిలినా ఆగదు. చిప్ ఉన్న పరికరాల్లో హద్దు దాటితే కరెంటును ఆపేసే రక్షణ ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

(ఒక విద్యార్థిని: మేము మా ప్రయోగశాలలో పరీక్షలు చేస్తే ఏమేం నమోదు చేయాలి?)

సంతోషం అమ్మా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. కాయిల్ నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎంతో, వేడిగా ఉన్నప్పుడు ఎంతో రాయి. కరెంటు పారుతుండగా కాయిల్ కొసల దగ్గర కొలిచిన వోల్టేజి రాయి. బ్యాటరీ దగ్గరిది కాదు, తెర మీదిది అసలే కాదు. తీగ లోహం, మందం, పొడవు, కాయిల్స్ సంఖ్య, పీల్పు వ్యవధి, పీల్పుకు పీల్పుకు మధ్య విరామం, ద్రవంలో రెండు పదార్థాల పాళ్లు రాయి. అన్నిటికంటే మించి ప్రతి పీల్పుకు ముందూ తర్వాతా పరికరాన్ని సున్నితమైన తక్కెడలో తూచు. ఖర్చైన జౌళ్లను తగ్గిన బరువుతో భాగిస్తే మిల్లీగ్రాముకు ఎన్ని జౌళ్లో వస్తుంది. 30 జౌళ్లకు 10 మిల్లీగ్రాములు పోతుంటే మూడు. అది పీల్పు తర్వాత పీల్పుకు నిలకడగా ఉంటే వత్తి తడిగా ఉన్నట్టు. మూడు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఆరుకు ఎక్కుతుంటే మిగతా వేడి ద్రవాన్ని వదిలి తీగలోకి, దూదిలోకి పోతున్నట్టు. ఆ పీల్పుల నమూనాలను విడిగా సీసాల్లో పెట్టి, ఫార్మాల్డిహైడ్ వంటి ఆల్డిహైడ్‌ల కోసం ముందుగా వాటినే పరీక్షించు.